ఒగ్గుకథ – విశ్వవిద్యాలయ సంగీత బోధన: సిరిసిల్ల ప్రాంతం

1919లో విజయనగరంలో వెలసిన సంగీత కళాశాల తెలుగునాట శాస్త్రీయ సంగీత విద్యకు సంస్థారూపం కల్పించింది. అక్కడి ఆచార్యుడు ద్వారం వేంకటస్వామినాయుడు పక్కవాద్యమైన వయొలిన్‌కు ఏకవాద్య కచేరీలో గౌరవం తెచ్చాడు. ఒక్కొక్క విద్యార్థిని విడిగా పరీక్షించే పద్ధతికి అటువంటి కళ చక్కగా ఒదుగుతుంది.

సిరిసిల్ల ప్రాంతపు ఒగ్గుకథ ఒదగదు. ఒగ్గు అంటే డమరుకం. ప్రధాన కథకుడు మల్లన్న కథనో బీరప్ప కథనో ఎత్తుకోగా వంతలు అందుకొంటారు. డోలు, తాళం నడకను నిలుపుతాయి. వంతను తప్పిస్తే కథకుడి ప్రతిభలో సగం వినబడదు. మరి మార్కులు ఎవరికి వేయాలి?

1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం జానపద కళలను అధ్యయన పరిధిలోకి తెచ్చింది. తరువాత దానికి ఉపకులపతియైన సి.నారాయణరెడ్డిదీ, ప్రసిద్ధ ఒగ్గుకథకుడు మిద్దె రాములుదీ ఒకే ఊరు, వేములవాడ సమీపాన ఉన్న హనుమాజీపేట.