కుటుంబ నియంత్రణ పరిశోధన: మూడు తావులు నేర్పిన పాఠము

ఒక ఇంటిలో ఎందరు బిడ్డలు ఉండవలెనన్నది ఆ ఇంటి ఆలుమగలు తమలో తాము నిర్ణయించుకొనవలసిన విషయము. శాస్త్రజ్ఞులు దానిని లెక్కగట్టుటయు, ప్రభుత్వములు ప్రణాళికలలో చేర్చుటయు ఇటీవలి చరిత్రలోని సంగతులే. మన దేశము 1952లో, మొదటి పంచవర్ష ప్రణాళికా కాలమున, కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమముగా స్వీకరించినది. ఆ విధముగా స్వీకరించిన దేశములలో మనదే మొదటిది. అయితే పల్లెటూరి స్త్రీ ఈ విషయమును గురించి ఏమనుకొనుచున్నదో, ఏ సాధనమును ఎంతకాలము వాడగలదో అప్పటికి చెప్పగలిగినవారు అరుదు. ఆ సంగతి తెలిసికొనుటకు జరిగిన పరిశోధనల కథ విధానములు రూపొందించువారికి ఎంత అవసరమో, ఇల్లు నడుపుకొను మనకును అంతే అవసరమని మేము తలంచుచున్నాము.

ఆనాటి పండితుల ఆలోచన సూటియైనది. వైద్యము పెరిగి మరణములు తగ్గుచున్నవి. జననములు మాత్రము తగ్గుట లేదు. ప్రజలకు సాధనమును అందించి, వాడుక నేర్పినచో జననములు కూడ తగ్గునని వారి అంచనా. ఈ అంచనాను మూడు తావులలో పరీక్షించిన తీరును వరుసగా చూతము.

మొదటి తావు మైసూరు రాష్ట్రములోని రామనగరము. నాటి కేంద్ర ఆరోగ్యశాఖ మంత్రి రాజకుమారి అమృతకౌర్ గాంధీజీ అనుయాయులు. మందులకంటె, పరికరములకంటె ఆత్మనిగ్రహమే మేలని వారి అభిప్రాయము. అందువలన ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో మొదట పరీక్షకు వచ్చినది సురక్షిత దినముల పద్ధతి. అమెరికా నుండి డాక్టర్ ఏబ్రహాం స్టోన్ వచ్చి సలహాలిచ్చినారు. 1952లో రామనగరములోను, ఢిల్లీలోని లోదీ కాలనీలోను పని మొదలైనది. గర్భము నిలుచు దినములేవో, నిలువని దినములేవో గుర్తుంచుకొనుటకు స్త్రీలకు రంగురంగుల పూసల దండలు ఇచ్చినారు. దినమునకొక పూస చొప్పున లెక్కించుకొనుచు పోవలెను.

నేర్చుకొనుటకు ముందుకు వచ్చినవారు చాలమంది. విడువక పాటించినవారు కొద్దిమంది. బహిష్టు నెలనెల ఒకే లెక్కన రాని స్త్రీకి ఆ దండ దారి చూపజాలదు. భర్త ఒప్పుకొననినాడు పూస ఏ రంగుదైనను ఒకటే. కోరిక వేరు, ఆచరణ వేరు అన్నది రామనగరము నేర్పిన సంగతి.

రెండవ తావు పంజాబులోని లూధియానా జిల్లాలో, ఖన్నా అను పట్టణము చుట్టునున్న గ్రామములు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ప్రజారోగ్య విభాగమువారు లూధియానా క్రైస్తవ వైద్య కళాశాలతో కలిసి 1953లో అక్కడ పని ప్రారంభించినారు. జాన్ వయన్, జాన్ గోర్డన్ అను వైద్యులు దీనికి సారథులు. ప్రధాన పరిశోధన 1956 నుండి 1960 వరకు సాగినది. కొన్ని గ్రామములలో ఇంటింటికి పోయి గర్భనిరోధక సాధనములు, ముఖ్యముగా నురుగు బిళ్ళలు, పంచినారు. పోలిక కొరకు మరికొన్ని గ్రామములలో పంచలేదు. పుట్టిన బిడ్డలను, గిట్టినవారిని శ్రద్ధగా నమోదు చేసినారు. పల్లెలలో ఇంత ఓపికతో జరిగిన పరిశీలన అంతకుముందు అరుదు.

ఫలితము ఆశించినట్లు రాలేదు. 1969లో పరిశోధకులు తిరిగి వచ్చి చూచినపుడు జననములు కొంత తగ్గియున్నవి. కాని బిళ్ళలు పంచిన ఊళ్ళలోను, పంచని ఊళ్ళలోను ఆ తగ్గుదల కనిపించినది. ఆడపిల్లల పెండ్లి ఈడు పెరుగుట అందుకు ముఖ్యకారణముగా తేలినది.

అనంతరము మహమూద్ మమ్దానీ అను ఉగాండా దేశపు విద్వాంసుడు ఆ గ్రామములలో ఒకటైన మనూపూరుకు పోయి, రైతులతోను కూలీలతోను మాటలాడి 1972లో ఒక గ్రంథము ప్రకటించినారు. బిళ్ళలు పుచ్చుకొన్న ఇండ్లలో అనేకులు వాటిని వాడలేదని అందులో వ్రాసినారు. ఒక ఇంటిలోనైతే ఆ మందు డబ్బాలను ఒకదానిపై ఒకటి పేర్చి బొమ్మవలె అలంకరించుకొన్నారట! దూరము నుండి గడపకు వచ్చిన మర్యాదస్థులను కాదనలేక పుచ్చుకొన్నారే గాని, కావలెనని పుచ్చుకొనలేదు. కొద్దిపాటి పొలమున్న రైతుకు కొడుకులు చేతికి అందివచ్చు కూలీలు. ముసలితనమున అన్నము పెట్టువారు. బిడ్డలు తక్కువైనచో బ్రతుకు బాగుపడునన్న మాట ఆ ఇంటి లెక్కకు సరిపడలేదు.

దీనికి మన భాషలో చక్కని మాట ఉన్నది: మొగమాటము. పరిశోధకుల పుస్తకములలో సమ్మతిగా నమోదైన దానిలో ఎంతో భాగము మొగమాటమే.

అయినను ఖన్నా పరిశోధన వ్యర్థము కాలేదు. దాని వలన రెండు ముఖ్య విషయములు బయటపడినవి. తల్లి బిడ్డకు చాలకాలము పాలిచ్చుట వలన తిరిగి గర్భము నిలుచుట ఆలస్యమై, కాన్పుల నడుమ ఎడము పెరుగునన్నది మొదటిది. తల్లిపాలతోపాటు ఇతర ఆహారము మరగు ప్రాయమున బిడ్డలు విరేచనముల పాలై మరణించుట ఎక్కువన్నది రెండవది. పుట్టినవారిలో ఎందరు దక్కుదురో తెలియని తల్లిని ఇద్దరితో చాలించుమనుట ఎట్లు? జననముల లెక్క కొరకు పోయినవారికి మరణముల లెక్కయే అసలు మర్మమును చూపినది.

ఆ మర్మమును గ్రహించి పనిచేసినది మూడవ తావు. అది మన దేశమునకు తూర్పున, నేటి బంగ్లాదేశ్‌లో మేఘనా నదీ ప్రాంతముననున్న మత్లబ్. కలరా వ్యాధిపై పరిశోధనకై 1963లో, అది తూర్పు పాకిస్తానుగా ఉన్నప్పుడే, అక్కడొక కేంద్రము వెలసినది. 1966 నుండి జననమరణములను ఎడతెగక నమోదు చేయుచు వచ్చినారు. 1975లో ఆ పల్లెలలో మాత్రలను, తొడుగులను ఇంటింటికి ఉచితముగా పంచి చూచినారు. పంచినవారిలో చాలమంది చదువురాని వయసు మళ్ళిన స్త్రీలు. వాడుక మొదట పెరిగి, పిమ్మట జారిపోయినది. ఖన్నా పాఠమే మరల ఎదురైనది.

కాని మత్లబ్ వారు అంతటితో ఆగలేదు. 1977లో పద్ధతినే మార్చినారు. చదువుకొన్న, పెండ్లియై బిడ్డలున్న స్థానిక యువతులను 80 మందిని ఎన్నుకొని శిక్షణ ఇచ్చినారు. 70 గ్రామములలో వీరు రెండు వారములకొకసారి ప్రతి ఇంటికి పోవలెను. మాత్ర ఒక్కటే గాక సూదిమందు మొదలైన పలు సాధనములు చూపి, ఎవరికి ఏది సరిపడునో వారినే ఎన్నుకొననిచ్చినారు. సాధనము వాడినందున తల తిరిగినదన్నా, రక్తస్రావమైనదన్నా వినుకొని, వైద్యము చేయించి, అవసరమైనచో వేరొక సాధనము ఇచ్చినారు. క్రమముగా తల్లీబిడ్డల ఆరోగ్యసేవలు, టీకాలు కూడ ఇందులో చేరినవి. రెండేండ్లలో నూటికి 30 మందికి పైగా సాధనములు వాడువారైనారు. పోలిక కొరకు విడిచిన 79 గ్రామములలో వాడుక చాల తక్కువగానే ఉన్నది. అదే దేశము, అదే పేదరికము, అవే సాధనములు. మారినది గుమ్మములో నిలిచి అడుగు తీరు. ఈ తరహా సేవ పిమ్మట దేశమంతటను వ్యాపించినది. 1970 దశకమున స్త్రీకి సగటున ఆరుగురికి మించి బిడ్డలున్న బంగ్లాదేశ్‌లో 2011 నాటికి ఆ సంఖ్య 2.3కు దిగినది.

ఇంతలో మన దేశము వేరొక త్రోవ తొక్కినది. అత్యవసర పరిస్థితి కాలమున లక్ష్యములు విధించి, ఒత్తిడి చేసి, 1976-77 సంవత్సరములో 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిపించినారు. వాటిలో అధికభాగము పురుషులకు. మొగమాటమును సమ్మతిగా భావించుట ఒక పొరపాటు కాగా, భయమును సమ్మతిగా లెక్కించుట అంతకంటె ఘోరము. దాని వలన ప్రజలలో కలిగిన ఏవగింపు చిరకాలము నిలిచినది. ఆపై ఈ భారము దాదాపు పూర్తిగా స్త్రీలపైననే పడినది. సాధనము వారీగా లక్ష్యములు విధించు పద్ధతిని 1996లో గాని ప్రభుత్వము విడువలేదు.

మన తెలుగునాటి అనుభవము ఈ చరిత్రలో ప్రత్యేకమైనది. స్త్రీలలో అక్షరాస్యత పెరిగిన పిదపనే కాన్పులు తగ్గునని పండితుల నమ్మకము. 2001 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత దేశపు సగటుకంటె తక్కువ. అయినను 2005-06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇక్కడ స్త్రీకి సగటు సంతానము 1.8 మాత్రమే! 2019-21 సర్వేలో అది ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇది మన స్త్రీల నిశ్చయమునకు నిదర్శనము. కాని దీని రెండవ ప్రక్కను కూడ చూడవలెను. ఈ తగ్గుదల దాదాపు అంతయు స్త్రీల ఆపరేషన్ వలననే వచ్చినది. చిన్నతనముననే పెండ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, పాతికేండ్లు దాటకముందే ఆపరేషన్: ఇదే ఎందరో తల్లుల జీవితక్రమము. కాన్పుకు కాన్పుకు ఎడము నిచ్చు సాధనములు వాడువారు నేటికిని బహుకొద్దిమంది. పురుషుల శస్త్రచికిత్స సులభమైనదైనను దానికి ముందుకు వచ్చువారు అరుదు. ఎన్నుకొనుటకు నాలుగు దారులుండవలసిన చోట ఒక్కటే దారి ఉన్నచో, దానిని ఎన్నుకొనుట అనవచ్చునా?

ఇటీవల గాలి మరలినది. జనాభా తగ్గిపోవునేమో, ఎక్కువమందిని కనుడని చెప్పు గొంతులు వినవచ్చుచున్నవి. నిన్న వద్దన్నవారును, నేడు కావలెనన్నవారును మరచుచున్న సంగతి ఒక్కటే. కనునది, పెంచునది, రాత్రి మేలుకొనునది ఎవరో వారిని ముందు అడుగవలెను. అడిగిన పిమ్మట వారు మొగమాటము లేక కాదనుటకు తగినంత చోటు విడువవలెను. ఆ చోటు ముందుగా ఇంటిలోనే, భర్త మాటలోను అత్తగారి మాటలోను ఏర్పడవలెను. ఖన్నాలో డబ్బాలు పేర్చిన ఇల్లును, మత్లబ్‌లో తలుపు తీసిన ఇల్లును మనకు చెప్పునది ఇదే.