నీటిబొట్టు చెప్పిన పాఠము



వాన వెలిసిన వెనుక చూరునీరు ముంగిటి గంగాళములో బొట్టుబొట్టుగా రాలుచుండుట మన గోదావరిసీమ పల్లెలలో పుట్టినవారందఱును చూచినదే. కాని ఆ బొట్టు నీటిని తాకిన క్షణమున జరుగునదేమి? రెప్పపాటుకంటె ముందే ముగిసిపోవు ఆ వ్యాపారమును మనుష్యుడు కనుగొన్న చరిత్రమే నేటి నా ప్రసంగవిషయము.

మన పూర్వులు నీటిబొట్టును ఉపేక్షించినవారు కారు. భర్తృహరి నీతిశతకమున కాలిన యినుముపై బడి నశించు బొట్టును, తామరాకుపై మెఱయు బొట్టును, ముత్యపుచిప్పలో ముత్యమగు బొట్టును వర్ణించెను. మన పెద్దాపుర ప్రాంతమువాడగు ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన ఆ పద్యమును మనలో పెక్కురు బడిలోనే కంఠస్థము చేసితిమి. కవి బొట్టునందు నీతిని చూచెను. దాని రూపమును చూచుటకు మఱియొక కన్ను కావలసివచ్చెను.

1852వ సంవత్సరమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియయ్యెను. దానిని కట్టించినవాడు ఆర్థరు కాటను. ఆ యేటనే ఇంగ్లండులో మఱియొక ఆర్థరు జన్మించెను. ఆయనయే ఆర్థరు మేసను వర్తింగ్టను. మొదటివాడు నదిని నిలిపెను. రెండవవాడు బొట్టును నిలిపెను.

వర్తింగ్టను మావలెనే ఉపాధ్యాయుడు. 1875లో రగ్బీ పాఠశాలలోని యొక విద్యార్థి, మసిపట్టించిన గాజుపలకపై సిరాచుక్కలు పడి యేర్పఱచిన వింతగుర్తులను గమనించెను. ఆ గుర్తులే వర్తింగ్టనును ఈ పనికి పురికొల్పినవి. ఆయన చీకటిగదిలో బొట్టును జాఱవిడిచి, అది పడిన వెంటనే విద్యుత్తుతో నొక మెఱుపు పుట్టించి, ఆ మెఱుపులో కంటికి తోచిన రూపమును కాగితముపై గీచెడివాడు. మఱుసటి బొట్టునకు మెఱుపును ఇంచుక ఆలస్యముగా వెలిగించెడివాడు. ఇట్లు ఒక్కొక్క క్షణమును ఏరి కూర్చి, బొట్టు కథనంతయు బొమ్మలుగా వ్రాసెను. బొట్టు పడగానే చుట్టును కిరీటమువలె నీరు లేచును. పిదప నడుమ గుంట పడును. ఆ గుంటనుండి నీటికంబ మొకటి పైకి లేచును. ఆ కంబమునకు నేటికిని శాస్త్రజ్ఞులు ఆయన పేరే వాడుచున్నారు.

ఆ బొమ్మలు కడు రమ్యములు. కిరీటపు ఱేకులన్నియు పద్మదళములవలె సమానములు. 1894 నాటికి ఆయన అదే మెఱుపుతో ఛాయాచిత్రములు తీయగలిగెను. చూచునప్పటికి ఱేకులు సమానముగా లేవు! ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి వంకర. అప్పుడాయనకు తన పొరపాటు తెలిసెను. ఇన్నేండ్లును వంకర కనబడినపుడెల్ల అది ఆ బొట్టు లోపమని త్రోసివైచి, మనస్సునకు నచ్చిన నిండురూపమునే గీచుచువచ్చెను. ఈ సంగతిని దాచక సభలో చెప్పెను. 1908లో గ్రంథమునందును ప్రకటించెను. నా దృష్టిలో బొట్టును చూచుటకంటె ఇది గొప్పపని.

తరువాత అమెరికాలో హెరాల్డు ఎడ్జర్టను 1930 దశాబ్దమున వేగముగా వెలిగి ఆఱు దీపములను నిర్మించి, పాలచుక్క కిరీటమును ఛాయాచిత్రమున చూపెను. 1957లో ఆయన తీసిన రంగులచిత్రము లోకప్రసిద్ధము. నేడు అట్టి దీపము అంగడిలో దొరకు కెమెరాకే అమరియున్నది.

గత వర్షాకాలమున మా మనుమడు మా యింటి వెనుకగదిలో ఈ ప్రయత్నము చేసెను. సూదిబెజ్జము పొడిచిన కొబ్బరిచిప్పను దూలమునకు వ్రేలాడగట్టి, రెండడుగుల క్రింద నీటిపళ్లెరము నుంచెను. బొట్టు పడుచోట పెన్సిలు నిలిపి, కెమెరాచూపును దానిపై కుదిర్చి, పిదప పెన్సిలు తీసివైచెను. దీపమును తక్కువ శక్తికి దించెను. శక్తి తగ్గినకొలది వెలుగు నిలుచుకాలమును తగ్గునట. మొదటి రాత్రి చిత్రములలో నీటివలయములే గాని బొట్టు లేదు. మూడవ రాత్రి నీటిపై నింకను పడని బొట్టొకటి చిక్కెను.

అది గోలీవలె గుండ్రముగా నున్నది. నేను వెలవెలబోతిని. ఏలయన, ముప్పదియేండ్లు నల్లబల్లపై వానచినుకును తోక గల దానిగా గీచి పిల్లలకు నేర్పితిని. తోక చూరుకు వ్రేలాడు బొట్టునకే గాని రాలుచున్న బొట్టునకు నిలువదు. నీటి పైపొర నలుదెసల బిగిసి దానిని గుండ్రపఱచును. పెద్దచినుకైనచో గాలి తాకిడికి అడుగు చదునై ఇడ్లీవలె నగునే గాని తోక యుండదు. జీవితమంతయు చూరుక్రింద కూర్చుండియు నేను చూచినది బొట్టును గాదు, నేను గీచిన బొమ్మను.

నా శిష్యులు కొందఱు నేడు తాతలై ఈ ప్రసంగము వినుచుండవచ్చును. నాయనలారా! నేను గీచిన ఆ బొమ్మను చెఱిపివేయుడు. మీ మనుమలకు గుండ్రని బొట్టును గీచి చూపుడు. మీ పంతులు తప్పు చెప్పెననియు, దానిని తానే ఒప్పుకొనెననియు వారితో చెప్పుడు.

సెలవు.