పైత్యరసంలోకి ఐజీఏ రవాణా

రక్తంలోనో, పైత్యనాళాల గోడల్లోనో ఉన్న ఐజీఏ రకం యాంటీబాడీలను కొన్ని కణాలు ఒక వైపు నుంచి తమలోకి తీసుకుని, రెండో వైపున పైత్యరసంలోకి వదులుతాయి. ఎలుకలో ఈ పని ముఖ్యంగా కాలేయ కణాలది. మనిషిలో పైత్యనాళాల లోపొరగా పరచుకున్న కణాలది. ఎలుకల మీద తేలిన సంగతుల్ని యథాతథంగా మనిషికి అంటగట్టడం వల్ల ఈ విషయంలో చాలా గందరగోళం పుట్టింది. అందుకే కింద చెప్పే ప్రతి ప్రయోగం దగ్గరా అది ఏ జీవి మీద జరిగిందో చూడటం అవసరం.

మన శరీరం రోజూ తయారుచేసే యాంటీబాడీల్లో సగానికి పైగా ఐజీఏయే. మనిషి రక్తంలో తిరిగేది చాలావరకు విడి అణువు, ఎముక మజ్జలో పుట్టింది. పేగు గోడల్లోని ప్లాస్మా కణాలు చేసేది మాత్రం జంట. రెండు అణువులను జె గొలుసు అనే చిన్న ప్రోటీన్ కలిపి ఉంచుతుంది. కణాల గుండా దాటేది ఈ జంటే, విడి అణువుకు ఆ దారి లేదు. జె గొలుసు ఉన్న ఐజీఎం కూడా ఇదే దారిన వెళ్లగలదు. కానీ దాని ఆకారం పెద్దది కావడంతో తక్కువగా దాటుతుంది.

దాటించే యంత్రాంగం

దాటించేది పాలిమెరిక్ ఇమ్యునోగ్లోబ్యులిన్ గ్రాహకం. కుందేలులో దీని నిర్మాణాన్ని కీత్ మోస్టోవ్, మార్టిన్ ఫ్రీడ్లాండర్, గుంటర్ బ్లోబెల్ 1984లో వెల్లడించారు. కణం బయటికి పొడుచుకొచ్చిన భాగంలో ఉన్న మడతలు యాంటీబాడీల మడతల్లాగే ఉన్నాయని అప్పుడే తెలిసింది. యాంటీబాడీని మోసే ప్రోటీన్ కూడా ఆ కుటుంబానిదే అన్నమాట.

కణంలో తయారైన గ్రాహకం ముందుగా రక్తం వైపున్న పొరకు చేరుతుంది. అక్కడ జంట ఐజీఏ దానికి అతుక్కోగానే ఆ చోట పొర లోపలికి ముడుచుకుని చిన్న తిత్తి అవుతుంది. మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని గొట్టాల వెంట ఆ తిత్తి కణాన్ని దాటుతుంది. గౌట్ నొప్పికి వాడే కోల్చిసిన్ ఈ గొట్టాలను చెడగొడుతుంది. దాన్ని ఇచ్చిన ఎలుకల్లో పైత్యంలోకి చేరే ఐజీఏ తగ్గిపోయింది. పైత్యం వైపు పొరకు చేరాక ఒక ఎంజైము గ్రాహకాన్ని కోసేస్తుంది. తెగిన బయటి భాగం ఐజీఏని అంటిపెట్టుకుని పైత్యంలోకి వెళ్తుంది. దాన్నే సెక్రెటరీ కాంపొనెంట్ అంటారు. పేగులోని జీర్ణ ఎంజైములు ఐజీఏని ముక్కలు చేయకుండా అది అడ్డుపడుతుంది.

గ్రాహకాలు సాధారణంగా మోసుకొచ్చిన సరుకును దించి మళ్లీ పైకి వస్తాయి. ఇది మాత్రం అగ్గిపుల్లలా ఒక్కసారికే పనికొస్తుంది. అందుకే కణం దీన్ని ఎడతెగక తయారుచేస్తూనే ఉండాలి. పైగా ఐజీఏ దొరక్కపోయినా గ్రాహకం ప్రయాణం ఆగదు. పైత్యరసంలో ఒంటరి సెక్రెటరీ కాంపొనెంట్ కూడా కనిపించడానికి కారణం అదే.

ఎలుక, మనిషి

1978లో ఇంగ్లండ్‌లో ఎవా ఓర్లాన్స్ బృందమూ, బెల్జియంలో జాన్-పియెర్ వేర్మాన్ బృందమూ ఎలుక కాలేయం ఐజీఏని రక్తం నుంచి పైత్యంలోకి చురుగ్గా చేరవేస్తుందని చూపించాయి. పైత్యనాళాన్ని కట్టేసిన ఎలుకల రక్తంలో సెక్రెటరీ ఐజీఏ, అంటే సెక్రెటరీ కాంపొనెంట్ అంటుకుని ఉన్న ఐజీఏ, పోగుపడింది.

మనిషి కాలేయ కణాల్లో ఈ గ్రాహకం దాదాపు కనిపించదు. వాటి మీద అసియాలోగ్లైకోప్రోటీన్ గ్రాహకం ఉంటుంది. అది కూడా ఐజీఏని పట్టుకుంటుంది, కానీ ఎక్కువగా లోపల జీర్ణం చేయడానికే. పైత్యంలోకి పంపే పని నాళాల కణాలదే. వాటి చుట్టూ ఉన్న ప్లాస్మా కణాలు చేసే ఐజీఏతో పాటు, నాళాలను అల్లుకున్న సన్నని రక్తనాళాల నుంచి వచ్చే ఐజీఏ కూడా వాటికి అందుతుంది. పిత్తాశయం గోడకూ ఇందులో పాత్ర ఉంది. ఎలుకతో పోలిస్తే మనిషిలో రక్తం నుంచి ఈ దారిన పోయే ఐజీఏ చాలా తక్కువ.

పైత్యంలోని ఐజీఏ బ్యాక్టీరియాకు అతుక్కుని అవి గోడలకు అంటుకోకుండా చేస్తుంది. చిట్టెలుకల్లో మరో ఉపయోగం కూడా తేలింది. రక్తంలోకి చొరబడిన ప్రతిజనకాన్ని (యాంటీబాడీ గుర్తుపట్టే పదార్థాన్ని) ఐజీఏ పట్టుకుని పైత్యం గుండా బయటికి పారవేస్తుందని 1981లో మైఖేల్ రసెల్, యిర్జి మెస్టెక్కీ, వారి సహచరుడు వెల్లడించారు. మనిషిలో కాలేయ కణాలకు పాలిమెరిక్ ఇమ్యునోగ్లోబ్యులిన్ గ్రాహకం కొరవడినందున దీన్ని నేరుగా మనకు అన్వయించుకోవడం కుదరదు.

జబ్బుల్లో

సిరోసిస్‌లో రక్తంలో ఐజీఏ పెరుగుతుంది. మద్యం వల్ల దెబ్బతిన్న కాలేయాల్లో సైనుసాయిడ్‌లనే సన్నని రక్తనాళాల వెంబడి ఐజీఏ పేరుకుని ఉండటం తరచూ కనిపిస్తుంది.

ప్రైమరీ బైలియరీ కొలాంజైటిస్ ఇంకా ఆసక్తికరమైనది. ఈ జబ్బులో మైటోకాండ్రియా ప్రోటీన్ల మీద యాంటీబాడీలు పుడతాయి. మైటోకాండ్రియా దాదాపు అన్ని కణాల్లోనూ ఉన్నా, దెబ్బతినేది ముఖ్యంగా చిన్న పైత్యనాళాలే. ఐజీఏ రకం యాంటీబాడీలు కణాన్ని దాటే క్రమంలో లోపలి ప్రోటీన్‌ను తాకి హాని చేస్తాయని ఒక వాదన ఉంది. అది ఇంకా రుజువు కాలేదు. అయితే లాలాజల గ్రంథుల కణాలు కూడా ఐజీఏని పాలిమెరిక్ ఇమ్యునోగ్లోబ్యులిన్ గ్రాహకంతోనే దాటిస్తాయి. ఈ రోగుల్లో చాలామందికి నోరు, కళ్లు ఎండిపోయే లక్షణాలు కూడా ఉండటం ఆ వాదనకు కొంత బలాన్నిస్తోంది.