ఆయకట్టు పొలము నుండి కాలనీ వరకు

ఈ శతాబ్ది సంచికలో మన సంఘముల చరిత్రను పలువురు వ్రాయుచున్నారు. మేము ఆ సంఘములు నిలిచియున్న నేలను గూర్చి నాలుగు మాటలు వ్రాయ తలంచితిమి. హైదరాబాదులోను, దాని చుట్టుపట్లను ఉన్న మనలో అనేకులము ఒకప్పటి పొలములమీదనే కాపురముండుచున్నాము.

ఇది దక్కను పీఠభూమి. వర్షము నాలుగు నెలలు మాత్రమే. కావున మన పూర్వులు వాగులకు అడ్డముగా కట్టలు పోసి చెరువులు నిర్మించిరి. పై చెరువు నిండి అలుగు పారగా ఆ నీరు క్రింది చెరువునకు చేరును. వీటినే గొలుసుకట్టు చెరువులందురు. తూము తీసి పొలములకు నీరు వదలుటకు నీరటికాడు ఉండెడివాడు. వేసవిలో రైతులు పూడిక మట్టిని బండ్లమీద పొలములకు తోలుకొనెడివారు. చెరువు బాగుపడెను, పొలమును బాగుపడెను.

ఈ గొలుసు తెగిన ఏమగునో 1908 సెప్టెంబరు 28న నగరము చూచినది. మూసీ పరివాహక ప్రాంతమందలి 788 చెరువులలో 221 తెగిపోయినవి. ఆ వరదలో వేలాదిమంది మరణించిరి. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ప్రణాళిక ననుసరించి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ నిర్మింపబడినవి.

అటుపిమ్మట నగరము పల్లెలలోనికి నడచివచ్చినది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి గ్రామముల రూపమే మారిపోయినది. పొలము ప్లాట్లయిన తరువాత తూము తీయువాడెవడు? పూడిక ఎత్తువాడెవడు? ఎండిన శిఖము భూమిలో హద్దురాళ్లు వెలసినవి. అలుగు కాలువ మురుగు కాలువ అయినది. మా తలంపులో చాలా చెరువులు వానలు లేక చావలేదు. వాటితో పని గలవారు లేక చచ్చినవి. మాసబ్ ట్యాంకులో నేడు ట్యాంకు అను పేరున్నది గాని చెరువు లేదు.

భూమి గలవానికి ఒకసారి సొమ్ము ముట్టినది. నీరటికాడికి, చేపలు పట్టువానికి, నాట్లు వేసిన కూలి తల్లులకు ముట్టినదేమి? వారి పేర్లు ఏ పట్టాలోను లేవు.

నీరు మాత్రము తన పాత త్రోవ మరువలేదు. 2020 అక్టోబరులో పల్లె చెరువు కట్ట తెగి, క్రింది బస్తీల ఇండ్లలోనికి నీరు వచ్చినది.

ఇందులో మేము నిర్దోషులమని చెప్పలేము. స్థలము కొనునాడు గజము ధర అడిగితిమి, రోడ్డు వెడల్పు అడిగితిమి. ఇది ఏ చెరువు క్రింది భూమి అని అడుగలేదు. ఇల్లు కట్టుకొనుట పాపము కాదు. నీటి త్రోవను మూసి కట్టుకొనుటయే తప్పు.

కావున మాదొక మనవి. ప్రతి సంఘమును తన ప్రాంతమందలి వృద్ధులను అడిగి, పాత గ్రామము పేరు, చెరువు పేరు, అలుగు పారిన దారి సంఘ పుస్తకములో వ్రాసి ఉంచవలెను. చెప్పగలవారు ఇంకను కొందరు మన మధ్య ఉన్నారు. మరి పది సంవత్సరములకు ఎందరుందురో!