గోడమీద వ్రాసిన లెక్క

మన పట్టణములలో మురుగుకాలువకు మూత వేసినను, వీథి చివర కుళాయి నొకదానిని నిలిపినను, దాని ప్రక్కన నొక శిలాఫలకము వెలయుటయు, ఆ ఫలకముమీద ప్రారంభోత్సవ మొనర్చిన పెద్దమనిషి పేరు బారెడు పొడవున నుండి, సొమ్మెవరిదో చెప్పు మాట మాత్రము కానరాకుండుటయు అందఱెఱిగినదే. ఆస్ట్రియా రాజధానియైన వియన్నాలో, రెండు ప్రపంచయుద్ధముల నడుమ నగరసభ కట్టించిన గృహసముదాయముల గోడలమీద వేఱొక విధమైన వ్రాత నేటికిని కలదు. ఆ కట్టడము నగరసభచే, గృహనిర్మాణపు పన్ను సొమ్ముతో, ఫలానా సంవత్సరములలో కట్టబడినదని ఆ వ్రాత తెలుపును. ఇండ్లు కట్టింతుమని ఓట్లడిగి గెలిచినవారు ఓటరులకు బాహాటముగా నొప్పగించిన లెక్క అది.

మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు వియన్నా ఇరువది లక్షల జనముగల మహానగరము. రాజవీథులలోని ప్రాసాదములను, సంగీతశాలలను చూచి మురిసిన యాత్రికుడు కార్మికుల పేటలవైపు నాలుగడుగులు వేసినచో వేఱొక లోకమున పడెడివాడు. అచటి అద్దెకొంపలలో సామాన్య కుటుంబమునకు దక్కునది ఒక గదియు, ఒక వంటిల్లును; ఆ వంటింటి కిటికీయైనను వెలుతురువైపు గాక చీకటి నడవలోనికి తెఱచుకొనును; మరుగుదొడ్డియు నీళ్ల కుళాయియు ఆ నడవలోనే పదిమందికి ఉమ్మడి. కుళాయిని జనులు ‘బసేనా’ యనిరి. మన నూతిగట్టు కబుర్లవలెనే బసేనా కబుర్లును ఆ యూర ప్రసిద్ధములు. అద్దె కట్టలేనివారు తమ యొక్క గదిలోని మంచమునే పగలొకనికి, రాత్రి యొకనికి బాడుగ కిచ్చెడివారు. గాలి యాడని ఆ గదులలో క్షయ ప్రబలి, ఆ వ్యాధికి వియన్నా జబ్బను పేరే స్థిరపడెను.

1897 మొదలు 1910లో చనిపోవు వఱకు నగరాధ్యక్షుడుగా నుండిన కార్ల్ లూగర్ సమర్థుడు కాడని యెవరు ననలేరు. యూదులపై ద్వేషమును ఓట్లుగా మార్చుకొనిన ఆ మనిషియే గ్యాసును, విద్యుత్తును, ట్రాములను నగరసభ సొత్తుగావించెను. 1905లో నగరము చుట్టునున్న అడవులను, పచ్చికబయళ్లను ఇండ్ల స్థలములవారి చేత పడకుండ వలయముగా కాపాడవలెనని సభ తీర్మానించినది ఆయన కాలముననే. కొండల ఊటనీటిని తెచ్చు రెండవ జలమార్గము 1910లో పూర్తియయ్యెను. పేదవాని యింటి జోలికి మాత్రము ఆయన పోలేదు. ఆస్తినిబట్టి ఓటుహక్కు లభించిన ఆ దినములలో ఇండ్ల యజమానులే ఆయన పక్షమునకు పట్టుగొమ్మలు.

యుద్ధాంతమున ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యము కూలిన పిదప, స్త్రీపురుషభేదము లేక, ఆస్తి అడ్డము రాక, వయోజనులందఱు ఓటు వేసిన తొలి నగరసభ ఎన్నిక 1919 మే 4వ తేదీన జరిగెను. 165 స్థానములలో 100 సోషల్ డెమోక్రాట్లకు దక్కెను. యాకొబ్ రాయ్‌మన్ నగరాధ్యక్షుడయ్యెను. గెలుచుట తేలిక, కట్టుట కష్టము. ఖజానా శూన్యము. ఆకలికిని చలికిని తాళలేని జనము వియన్నా అడవిలో కట్టెలు కొట్టుకొని, ఊరి అంచున దొరికిన నేలను త్రవ్వి కూరగాయలు పండించుకొని, అచటనే గుడిసెలు వేసికొనుచుండిరి. వారిని తఱిమివేయక, సహకార సంఘములుగా కూర్చి, ఇంటి వెలలో కొంత వారి రెక్కల కష్టముగా జమకట్టుకొని, పెరటితోటలతో చిన్న యిండ్లు కట్టించు పద్ధతి నడచెను. అడాల్ఫ్ లోస్ వంటి ప్రసిద్ధ వాస్తుశిల్పియు ఆ పనిలో చేయి కలిపెను. పెంటపోగును, వాననీటిని, కోళ్లను, కుందేళ్లను ఒకదానికొకటి అక్కఱకు వచ్చునట్లు అమర్చుకొనిన ఆ పెరళ్లను చూచినచో మన పల్లె గృహిణి వింతపడదు.

పన్నులు వేయు అధికారము చేతికి రానిదే పెద్ద కట్టడములు సాధ్యము కావు. 1922 జనవరి 1న వియన్నా ప్రత్యేక రాష్ట్రమై ఆ యధికారమును పొందెను. దానిని వినియోగించినవాడు హ్యూగో బ్రైట్నర్. పూర్వాశ్రమమున బ్యాంకు డైరెక్టరు. సోషలిస్టు నగరసభకు బ్యాంకు డైరెక్టరు ఆర్థికాధికారి యగుట వింతగా తోచవచ్చును గాని, ధనికుని సొమ్మెచట దాగునో ధనికుల బ్యాంకులో పనిచేసినవానికంటె నెవనికి తెలియును? మోటారుబండ్లమీద పన్ను, పందెపు గుఱ్ఱములమీద పన్ను. ఒక పనిమనిషి యున్న యింటికి మినహాయింపు, రెండవ పనిమనిషినుండి హెచ్చుచుబోవు పన్ను. 1923లో వచ్చిన గృహనిర్మాణపు పన్ను వీనికి తలమానికము. చిన్న యింటివాడు నామమాత్రముగాను, పెద్ద భవనమువాడు దిమ్మతిరుగునట్లును చెల్లించు ఈ పన్నులో, నూటికి అరవంతు మాత్రమే యైన అతివిలాసగృహములనుండి నూటికి నలుబదికి పైబడిన రాబడి వచ్చెను. ప్రత్యర్థులు ‘బ్రైట్నరు పన్నులు’ అను మాటనే తిట్టుగా వాడిరి. అప్పు చేయక, ఏటి పన్నుతో ఏటి కట్టడము కట్టుట ఆయన నియమము. అది అతిజాగ్రత్త యనినవారు లేకపోలేదు; నాకు మాత్రము అది వివేకముగనే తోచును.

అయిదేండ్లలో 25,000 ఇండ్లు కట్టుదుమని సభ 1923 సెప్టెంబరులో తీర్మానించెను, ఎన్నిక అక్టోబరులో. ఎన్నికల ముందటి వాగ్దానమని నవ్వినవారు నవ్విరి. గడువునకు ముందే లెక్క పూర్తియయ్యెను. 1927 ఎన్నికలో నూటికి 60 ఓట్లు మరల వారికే పడెను. 1934 నాటికి ఇండ్లు 60 వేలు దాటినవి. వానిలో ఎన్నదగినది హైలిగెన్‌స్టాట్ పేటలో కార్ల్ ఏన్ రచించిన కార్ల్ మార్క్స్ హోఫ్. 1930లో ప్రారంభమైన ఈ సముదాయము కిలోమీటరునకు పైగా సాగును, 1,382 ఇండ్లు, నేలలో అయిదవవంతు కంటె తక్కువయే కట్టడము, తక్కినదంతయు చెట్లు, పచ్చిక, పిల్లల ఆటస్థలము. ఉమ్మడి చాకిరేవులు, స్నానశాలలు, శిశుపాఠశాలలు, గ్రంథాలయము అందులోనే. అద్దె కార్మికుని కూలిలో నూటికి నాలుగైదు వంతులకు మించలేదు. లోపములును గలవు: 1923 నాటి ప్రణాళికలో పెక్కు ఇండ్లు 38 చదరపు మీటర్లవే, స్నానపుగది లేదు. కాని కుళాయి నడవలోనుండి ఇంటిలోనికి వచ్చెను. వంటింటికి వెలుతురు వచ్చెను. బసేనాదగ్గఱ చిన్నతనము గడపిన స్త్రీకి ఈ రెండు చాలును.

1934 ఫిబ్రవరి 12న దేశప్రభుత్వమునకును సోషల్ డెమోక్రాట్లకును నడుమ పోరు చెలరేగి, ప్రభుత్వసైన్యము ఆ గోడలమీదికి ఫిరంగులు ప్రయోగించెను. నగరాధ్యక్షుడు కార్ల్ సైట్స్‌ను నగరభవనముననే నిర్బంధించిరి; సభ రద్దయ్యెను. అంతకు ముందే పదవి విడిచిన బ్రైట్నర్ 1938లో దేశము విడిచి, 1946లో అమెరికాలోని క్లేర్‌మాంటు అను చిన్న పట్టణమున కన్నుమూసెను. మరల వియన్నా చూడలేదు. యుద్ధానంతరము తిరిగి యెన్నికైన నగరసభ, పడమటి పేటయైన పెన్‌సింగులో తాను కట్టించిన పెద్ద గృహసముదాయమునకు హ్యూగో బ్రైట్నర్ హోఫ్ అని ఆ పన్నులవాని పేరే పెట్టినది.