తాము చూడని పంట



మన అనకాపల్లికి గంట ప్రయాణంలో ఉన్న విశాఖపట్నానికి 1805లో లండన్ మిషనరీ సొసైటీ సేవకులు ఇద్దరు వచ్చారు. జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ వారి పేర్లు. వారికి తెలుగు రాదు. నోరు తిరగని భాషలో సువార్త ఎలా చెబుతారు? అట్టి సమయమున దేవుడు ఆనందరాయరును వారియొద్దకు నడిపించెను. ఆయన క్రీస్తును నమ్ముకొన్న బ్రాహ్మణుడు. సువార్తల తర్జుమా ఆయన సహాయంతోనే సాగింది.

క్రాన్ 1809లో, డిగ్రాంజెస్ 1810లో ప్రభువునొద్దకు చేరారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయినది 1812లో! ఆ పుస్తకాన్ని చేతపట్టుకొనే భాగ్యం ఆ ఇద్దరికీ దక్కలేదు. కొత్త నిబంధన అంతా అచ్చులో చూడడానికి మన తెలుగువారు 1818 వరకు ఆగారు.

మన ప్రాంతంలో చెరకు నాటిన రైతు ఏడాది తిరిగేసరికి బెల్లం చూస్తాడు. సేవలోనూ మనకు అదే తొందర. కూటాలు పెట్టిన నెలకే, ఎందరు వచ్చారని లెక్క అడుగుతాం. నేనూ అడిగినవాడినే. అపొస్తలుడైన పౌలైతే తాను ఏమైయున్నాడో అదంతా దేవుని కృప అన్నాడు (1 కొరింథీ 15:10). పిలుపే కృప అని ఎరిగినవాడు పంట చూడకపోయినా స్తుతించగలడు.

సంఘ వార్షికోత్సవాలలో దొరల పేర్లు చెప్పి దేవుని స్తుతిస్తాం, మంచిదే. ఆనందరాయరు పేరెత్తి చేసిన ప్రార్థన మాత్రం నేను ఎన్నడో గాని వినలేదు. ఈ ఆదివారం మీ తెలుగు బైబిలు తెరిచేటప్పుడు ఆయనను బట్టి కూడా దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించండి.