కాల్షియం: మన ఎముకలు, మన సంగటి, మన బోరు నీళ్లు

మా సంఘం సమావేశాలకు వచ్చే పెద్దలు మెట్ల దగ్గర ఆగి మోకాళ్లు పట్టుకోవడం ఏటేటా ఎక్కువగా చూస్తున్నాము. "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుంటారు. కొంత వయసే. కొంత తిండి. మన కోలారు జిల్లాలో కొంత నీరు కూడా. అందుకే కాల్షియం గురించి అందరూ తెలుసుకోవలసిన సంగతులను ఇక్కడ ఒకచోట చేర్చాము.

శరీరంలో దాని పని

పెద్దవారి శరీరంలో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. గుండె కొట్టుకోవడానికి, కండరాలు కదలడానికి, నరాలు పని చేయడానికి, గాయమైతే రక్తం గడ్డకట్టడానికి మిగిలిన ఒక్క శాతం కావాలి. రక్తంలో ఇది తగ్గితే శరీరం ఊరుకోదు, ఎముకల నుంచి తీసుకుంటుంది. వడ్డీ చాలక అసలు తీసి తిన్నట్టే. పైకి ఏమీ తెలియదు. జారి పడినప్పుడు తుంటి విరిగితే అప్పుడు బయటపడుతుంది. ఎముక గట్టిపడేది సుమారు 30 ఏళ్ల లోపే. ముట్లు ఆగిన తరువాత ఆడవారిలో ఎముక త్వరగా పలచబడుతుంది.

రోజుకు ఎంత?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలి. పాలిచ్చే తల్లులకు, ముట్లు ఆగిన స్త్రీలకు 1,200 కావాలి.

ఎందులో ఉంది?

100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మి.గ్రా. ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో 10 కూడా ఉండదు. ఉలవల్లో 270, మునగాకులో 300 పైన, ఆవుపాలలో సుమారు 120 ఉంటాయి. నువ్వుల్లో 1,000 దాటుతుంది. 150 గ్రాముల పిండితో సంగటి, ఒక పిడికెడు ఉలవలతో చారు, 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో ఉంటే ఆ రోజుకు దాదాపు సరిపోతుంది. రాగులను నానబెట్టి మొలకెత్తిస్తే అందులోని కాల్షియం ఒంటికి ఇంకా బాగా పడుతుంది. మన పెద్దలు తిన్నది ఇదే. మూడు పూటలా అన్నానికి మారిన ఇళ్లలోనే లోటు వస్తుంది.

ఎండ

తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. అది ఎండ తగిలితే చర్మంలో తయారవుతుంది. కె.జి.ఎఫ్.లో మూడు కిలోమీటర్లకు పైగా లోతున పని చేసిన మన కార్మికులకు షిఫ్టు ఉన్నంతసేపు ఎండ ముఖం తెలియదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు ఎండకు కొరత లేదు, బయటికి వచ్చి నడవాలి అంతే.

బోరు నీళ్లు

మన జిల్లాలో చాలా చోట్ల లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే తాగడానికి పనికిరాదు. ఏళ్ల తరబడి తాగితే పళ్లపై మచ్చలు వస్తాయి, ఎముకలు, కీళ్లు బిగుసుకుంటాయి. నల్లగొండ జిల్లా పడిన బాధ ఇదే. కాల్షియం తక్కువ తినే పిల్లలకు ఫ్లోరైడు చేసే హాని ఇంకా ఎక్కువ. నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించాలి; తాగడానికి, వంటకు శుద్ధి చేసిన నీరే వాడాలి.

మాత్రలు

పక్కింటివారు వేసుకుంటున్నారని మాత్రలు కొనవద్దు. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవారు డాక్టరును తప్పక అడగాలి. గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే కాల్షియం మాత్రను, ఐరన్ మాత్రను ఒకేసారి వేసుకోకూడదు. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

మన భాషను కాపాడుకుందామని ప్రతి సమావేశంలో చెప్పుకుంటున్నాము. ఆ భాష మాట్లాడే పెద్దలు తమ కాళ్ల మీద తాము నడిచి సమావేశానికి రావాలన్నదే మా కోరిక. రేపటి నుంచి ఒక పూటైనా పొయ్యి మీద సంగటి ఉడకనివ్వండి.